నూకగింజంత

ఎగ్మూరులో పాత పటాల ప్రదర్శన.
ఏసీ చలి. అద్దం వెనక బంగాళాఖాతం.
దాని మీదికి పాకిన ఎనిమిది చేతుల జంతువు
ఒక చేత్తో సింగపూరును నలుపుతోంది,
ఒకటి బర్మా గొంతు మీద వేసింది,
ఒకటి ఇంకా నీళ్ళలోనే
మద్రాసు లైట్‌హౌసు వైపు కొస చాచి ఉంది.
అడుగున తెలుగులో: చూస్తూ ఊరుకుంటారా?
పక్కన చీటీ:
యుద్ధకాలపు ప్రచార పటం, 1942.
రెండు చిరుగులు, ఒకచోట ముద్రణ లోపం.
చిత్రకారుడు తెలియదు.

తెలుసు.
మా తాత, పిల్లా సత్తియ్య.
మింటు వీధి ప్రెస్సులో రాతి మీద బొమ్మలేసే పని.
నెలకి పదహారు రూపాయలు,
రాతిపొడి దగ్గు ఊరికే.

రాయి జర్మనీది.
మొదటి యుద్ధానికి ముందే ఓడ దిగింది.
లక్ష్మీదేవి క్యాలెండర్లు, నశ్యం డబ్బీ లేబుళ్ళు,
రంగూను స్టీమరు వేళలు
అన్నీ మోసి, ఇసకతో ఒళ్ళు రుద్దించుకుని
మళ్ళీ నున్నగా పడుకునేది.
జర్మనీ మీద దొరల యుద్ధం కూడా
దాని వీపు మీదే అచ్చయింది.
దానికేం పట్టింపు.

ఆ జంతువుని తాత పుట్టి బుద్ధెరిగి చూడలేదు.
కాశిమేడు పోయి వలలు దులిపేవాళ్ళనడిగితే
"పేయ్ కణవా" అంటూ
బుట్టలోంచి ఒకటి తీసి చూపించారట.
జానెడు లేదు.
తడి గోనెపట్టా కిందికి దూరబోయింది,
గోనె రంగుకి మారిపోయింది.
"అదే మనల్ని చూసి జడిసిపోనాదమ్మీ"
అనేవాడు తాత, ముప్ఫయ్యేళ్ళ తర్వాత కూడా.

జపానువాణ్ణీ చూడలేదు.
"కళ్ళు ఇంకా క్రూరంగా" అని దొర అంటే
ఎవరి కళ్ళు పెట్టాడో చెప్పలేదు.
జీతం కోసే గుమాస్తావని నానమ్మ అనుమానం.

రాతి మీద అంతా తిరగేసి గీయాలి.
అక్షరాలు వెనక్కి నడుస్తాయి.
మద్రాసు పడమటి ఒడ్డుకి పోతుంది,
రంగూను ఎడంచేతి కిందికొస్తుంది.
కానీ చెయ్యి ఆనించకూడదు.
వేలి జిడ్డు తగిలితే
అదీ అచ్చులో పడుతుంది.

రంగూనులో చెల్లెలు నూకాలు.
మొగుడు బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు.
పుష్యమాసంలో బాంబులు పడ్డాయి.
ఆ తర్వాత ఉత్తరం లేదు.
జనం అడవుల్లో పడి నడిచొస్తున్నారని,
కలరాతో దారిలోనే ఆగిపోతున్నారని
హార్బరు కూలీలు చెప్పుకునేవారు.
పటంలో ఆ దారి లేదు.
నడిచేవాళ్ళని వెయ్యమని దొర అనలేదు.

మూడో చెయ్యి రంగూను మీద పడాలి.
తాత వేశాడు.
పీల్చే గిన్నెలు ఒక్కొక్కటీ గుండ్రంగా దిద్దాడు.
నది వంపు దగ్గర మాత్రం
నూకగింజంత మేర
ఏ గీతా పడకుండా వదిలేశాడు.

దొర ప్రూఫు ఎత్తి వెలుతుర్లో చూశాడు.
"ఇక్కడ సిరా అంటలేదేం?"
"రాయి లోపమండి."
"జర్మనీ రాయి కదా" అని నవ్వి
ఇరవై వేల కాపీలకి సంతకం పెట్టాడు.

రైలు స్టేషన్లలో అంటించారు, కల్లు పాకల దగ్గర అంటించారు.
చైత్రంలో సైరను మోగింది.
ధైర్యంగా ఉండమన్న కచేరీలే ముందుగా
ఫైళ్ళు మూటగట్టుకుని పట్నం వదిలాయి.
గోడ మీద జంతువు ఒక్కటే మిగిలింది.
మైదా జిగురు కోసం ఓ మేక
సింహళమంతా నమిలేసింది.

తాత ఆ రాయిని దాచుకున్నాడని
కథ చెబితే బావుండేది.
తనే రుద్దాడు. ఇసక, నీళ్ళు, మళ్ళీ ఇసక.
తర్వాతి వారం దాని మీద బట్టల సబ్బు లేబులు.

నూకాలు వచ్చిందా అని
మా ఇంట్లో ఎవరూ అడిగేవారు కాదు.
వీధి తలుపు మాత్రం
తాత ఉన్నన్నాళ్ళూ
అందరూ పడుకున్నాకే గడియ పడేది.

వేలు పెట్టి వెతికాను.
మూడో చెయ్యి. నది వంపు.
ఉంది.

"ముట్టుకోకండి మేడమ్" అన్నాడు గార్డు,
మొదట అరవంలో, తర్వాత తెలుగులో.
చెయ్యి తీశాను.
అద్దం మీద నా వేలి జిడ్డు,
సరిగ్గా రంగూను దగ్గర.
అతను జేబులోంచి గుడ్డ తీసి
తుడిచేశాడు.